పలచటి వైన్

మా నాయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. గరిటె నుంచి గుజ్జు జారే తీరు చూసి, నీళ్లు కలిశాయో లేదో చెప్పేవాడు. ఆ బుద్ధి ఇంట్లోనూ పోలేదు. సాంబారును, పాయసాన్ని కూడా వదలడు.

పెళ్లయ్యాక మా మొదటి క్రిస్మస్‌కి మా ఆయన సుకుమార్ పినో నువార్ అనే ఎర్ర వైన్ తెచ్చాడు. నాయన గ్లాసును వెలుతురుకెత్తాడు. దాని వెనక ఆయన వేళ్లు కనిపించాయి.

"నీళ్లు కలిపినారప్పా. నిన్ను బాగా మోసం చేసినారు."

నాకు ఒళ్లు మండింది. సుకుమార్ మాత్రం నవ్వాడు. "ఈ ద్రాక్ష తొక్కే పలచన మామా. రంగు ఇంతకన్నా చిక్కగా రాదు. తాగి చూడండి."

నేనూ తాగాను. తొలకరికి తడిసిన తోట మట్టి వాసన, కలేకాయలాంటి పులుపు. మింగాక కూడా పోలేదు. నాయన చాలాసేపు నాలుక చప్పరించాడు.

"నీళ్లు కలిపింటే రుచి ఇంతసేపు నిలబడదులే."

హమ్మయ్య అనుకున్నాను. అమ్మ లేచి, ఏటా తాను చేసే ద్రాక్ష వైన్ జాడీ తెచ్చి నాయన ముందు పెట్టింది.

"ప్రతి క్రిస్మస్‌కీ వెలుతురుకెత్తి, నీళ్లు పోసినావంటావే! ఈసారి సూడొద్దు, తాగు."