ఆరు వందల గ్రాముల చెయ్యి

నేను నూట ఇరవై నాలుగు కిలోలున్న రోజుల్లో శాంతా బ్రిజిదా ఊళ్ళో నేను ఎదురొస్తే జనం పక్కకి తప్పుకునేవారు. అది మర్యాద అనుకునేవాణ్ణి. పేవ్‌మెంటు చాలక అని తర్వాత తెలిసింది. ఏదైతేనేం, బరువున్నన్నాళ్ళూ పరువుంది.

పేరు అన్సెల్మో. నెత్తిన రెండు మైకు గొట్టాలు బిగించిన పాత కారులో వీధివీధీ తిరుగుతూ అరవడం నా వృత్తి. సర్కసొచ్చినా, చెప్పుల కొట్లో ధరలు తగ్గినా, ఎవరైనా కన్నుమూసినా ఊరికి ముందు చేరేది నా గొంతే. పొద్దున్నుంచీ కూర్చున్న చోటే కూర్చుని నోరాడించి బతికేవాణ్ణి. నోరు మాటలకే ఆడిందని మాత్రం నేనెక్కడా అనలేదు.

మా అక్క దెల్మీరాకి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడు రోజులు మూడు గంటల బస్సు ప్రయాణం చేసి, పట్నం ఆస్పత్రిలో రక్తం కడిగించుకుని వస్తుంది. నా కిడ్నీ ఒకటి ఆవిడకి సరిపోతుందని పరీక్షల్లో తేలింది. సరిపోనిది నేనే.

"నీ కిడ్నీ భేషుగ్గా ఉందయ్యా. దాని చుట్టూ ఉన్న మనిషే ఎక్కువయ్యాడు. వంద కిలోలకి లోపల దిగిరా, అప్పుడు కత్తి తీస్తాను," అన్నాడు డాక్టరు.

అలా తేలిక సంఘంలో చేరాను. పేరుకే తేలిక, చేరినవాళ్ళంతా భారీ. పద్దెనిమిది మందిమి. ప్రతి గురువారం సాయంత్రం అయిదింటికి ఫైర్ స్టేషను హాల్లో కలుస్తాం. గోధుమల వ్యాపారి వద్దనుకుని ఇచ్చేసిన బస్తాల కాటా ఒకటుంది. ఒక్కొక్కరే ఎక్కాలి. అంకెని ఊలు కొట్టు ఓఫెలియా పైకి చదివి నల్లబల్ల మీద రాస్తుంది. ఆవిడే మా కార్యదర్శి. ఎంత తగ్గితే అన్ని చప్పట్లు. తగ్గకపోతే ఇంకా ఎక్కువ చప్పట్లు, ఎందుకంటే వాడికి అవే అవసరం.

అయిదేసి కిలోలకి ఒక మైలురాయి. ఆ రోజు, అప్పటిదాకా ఎన్ని కిలోలు వదిలించుకున్నావో సరిగ్గా అన్ని కిలోల బంగాళాదుంపల్ని గోనెలో పోసి భుజానికెత్తుతారు. సభ్యులు రెండు వరసలు కట్టి చప్పట్లు కొడుతుంటే మధ్యలోంచి నడిచి, చివర్న దబ్బున పడేయాలి. ఇన్నాళ్ళూ ఇంత మోశావురా, ఇక మొయ్యకు అని అర్థం. దుంపలు పేదల భోజనశాలకి వెళతాయి. మన కొవ్వు ఒకరికి కూరవుతుందన్నమాట. నేను ఇరవై కిలోల గోనె పడేసిన రోజున కసాయి కార్మెలో, "నీ దుంప తెగా, సాధించావురా!" అని నన్ను కావిలించుకుని ఏడ్చాడు. కసాయివాడు డైటింగు చెయ్యడమంటే చేప స్నానం మానడమే. అయినా వాడు పదకొండు కిలోలు తగ్గాడు.

కొత్తగా చేరినవాడికి సంఘం ఒక తోడుమనిషిని ఇస్తుంది. నాకు దొరికింది టీచరమ్మ ఎర్మెలిందా. డెబ్భై ఒకటేళ్ళు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి, ఏడ్చి మొత్తుకున్నా ఒక్కడికీ అరమార్కు కలపని మనిషి. రోజూ సాయంత్రం ఫోను చేసేది.

"ఏం తిన్నావురా?"

"సూపు తాగాను టీచరమ్మా."

"దాంతోపాటు?"

"...ఒక చంద్రవంక."

మా ఊరి బేకరీలో తీపి రొట్టెలకి ఆ పేరు.

"ఒకటేనా? నెలకెన్ని చంద్రవంకలుంటాయో నాకు తెలుసులే. నిజం చెప్పు, తిట్టను."

నిజంగానే తిట్టేది కాదు. గురువారం నేను కాటా ఎక్కితే వెనక నించుని, ఎడమ భుజం మీద చెయ్యి వేసి, "అంకెకి భయపడకురా, అదేం కరవదు," అనేది. నా వణుకు తగ్గాక, ముల్లు నిలవకముందే, చెయ్యి తీసేసేది.

మా వైపు ఆగస్టంటే నడి చలికాలం. నాలుగో తారీఖు, చలి ఎముకల్లో దూరుతున్న మంగళవారం, మధ్యాహ్నం కునుకులో టీచరమ్మ పోయింది. అప్పటికి ఆవిడ తగ్గింది ఇరవై తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. ముప్ఫై మైలురాయికి ఆరు వందల గ్రాములు తక్కువ. ఆ చావు కబురు ఊరంతా నేనే చాటాను. ఆవిడ పేరు దగ్గరికి వచ్చేసరికి నా రెండు గొట్టాలూ, అసలు గొట్టమూ, మూడూ మూగపోయాయి.

ఆ గురువారం మా సంఘం ఓ పొరపాటు చేసింది. తూకమే దేవుడనుకునే మాలాంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. ఓఫెలియా ఉబ్బిన కళ్ళతో నల్లబల్ల మీద ఎర్మెలిందా పేరు పక్కన ముప్ఫై అని రాసింది.

"ఆరొందల గ్రాములేగా. బతికుంటే ఈపాటికి తగ్గి ఉండేది. ఆవిడ గోనె మనం మోసేద్దాం," అంది.

అందరం ఏడుస్తూ సరేనన్నాం. కార్మెలో ముప్ఫై కిలోల దుంపలు తూచాడు. తోడుపిల్లాణ్ణి గనక నేనే కుడి భుజానికెత్తాను. వరసల మధ్య సగం దూరం నడిచానో లేదో, ఖాళీగా ఉన్న ఎడమ భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. మెచ్చుకోలుగా ఎవరో తట్టారనుకున్నాను. చివరికెళ్ళి గోనె పడేశాను. గోనె దిగింది. చెయ్యి దిగలేదు. వెనక్కి తిరిగితే నా వెనక ఎవరూ లేరు.

ఆ పొద్దున ఇంట్లో తూచుకుంటే నూటికి ఆరు వందల గ్రాములు పైనున్నాను. సాయంత్రం హాల్లో చూస్తే నూట ఒకటీ రెండొందలు. తిండీ నీళ్ళూ కలిసి అంతవుతుందని సర్దిచెప్పుకున్నాను. మర్నాడు పరగడుపున ఇంట్లో తూచినా అంతే. మందుల షాపులో అంతే. పశువుల డాక్టరు దగ్గరా అంతే, పైగా ఆయన నా పళ్ళు కూడా చూడబోయాడు. చివరికి గోధుమ లారీలు తూచే కాటా మీద నించున్నాను. అది సున్నా అంది. జన్మలో నన్ను సున్నా అన్న కాటా అదొక్కటే, ముద్దు పెట్టుకోవాలనిపించింది.

నవ్వులాట అక్కడితో సరి. ఇంట్లో అద్దం ముందు నించుంటే ఎడమ భుజం మీద చొక్కా అయిదు చోట్ల లోపలికి నొక్కుకుని ఉంది. నాలుగు ముందు, ఒకటి వెనక. దులిపితే పోలేదు. చొక్కా మార్చాను. కొత్త చొక్కా మీద కూడా నేను చూస్తుండగానే, ఒకదాని తర్వాత ఒకటి, అయిదు గుంటలూ పడ్డాయి. కారు బేకరీ వైపు తిప్పితే అవి బిగిసేవి. పడుకుంటే ఎడమ వైపు దిండు కుంగేది. రోజుకి ఇరవై సార్లు వెనక్కి చూడటం అలవాటైంది. మైకులో పెళ్ళి పిలుపు చదివినా నా గొంతు చావు కబురులాగే వినిపిస్తోందని జనం గొణిగారు.

పద్నాలుగు నెలలుగా చిక్కుతూ చిక్కుతూ వచ్చి, చివరికి ఇలా చిక్కాను. ఆగస్టు ఇరవైన డాక్టరు తూస్తాడు. అప్పటికే రెండుసార్లు వాయిదా వేశాడు. "ఈసారి వందకి ఒక్క గ్రాము పైనున్నా నీ పేరు కొట్టేస్తాను. మీ అక్క వేరే కిడ్నీ కోసం వరసలో నించోవాలి," అన్నాడు. ఆ వరసలో అయిదారేళ్ళు పడుతుంది. అక్కకి అన్నేళ్ళు లేవు.

పదమూడో తారీఖు గురువారం హాల్లో కాటా ఎక్కాను. నూటికి తొమ్మిది వందల గ్రాములు పైన. దిగి, తిన్నగా నల్లబల్ల దగ్గరికెళ్ళాను.

"ఓఫెలియా, ఆ ముప్ఫై చెరిపెయ్యి."

"ఏంటీ?"

"టీచరమ్మ తగ్గింది ఇరవై తొమ్మిదీ నాలుగొందలు. మిగతాది మనం కలిపాం. ఎవరికీ అరమార్కు కలపని మనిషి, తనకి కలిపితే ఊరుకుంటుందా? ఆ ఆరొందలూ తెచ్చి నా భుజం మీద పెట్టింది."

కార్మెలో లేచాడు. "ఒరేయ్, ఒంట్లో కొవ్వు కరిగిందంటే సంతోషించాం. బుర్రలోది కూడా కరిగిందేంట్రా?"

ఓఫెలియా మొహం ఎర్రబడింది.

"పోయినావిడ దగ్గర చప్పట్లు లాక్కుంటావా? నీ ముల్లు దిగకపోతే ఆవిడ మీదకి తోస్తావా? సిగ్గులేదూ నీకు?"

"సిగ్గు తర్వాత పడతాను. నువ్వొచ్చి ఇక్కడ చెయ్యి వేసి చూడు."

చూడ్డానికి కాదు, చరచడానికే వచ్చింది. అరచెయ్యి ఎత్తి నా ఎడమ భుజం మీద ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే ఆగిపోయింది. తర్వాత పొయ్యి తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

"అక్కడ వేళ్ళున్నాయి," అంది చిన్నగా. "ఉంగరం కూడా ఉంది."

టీచరమ్మని ఉంగరంతోనే పాతిపెట్టారు. హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. కొందరు తలుపు వైపు జరిగారు. ఓఫెలియా మాత్రం వెళ్ళి ముప్ఫై చెరిపి, ఇరవై తొమ్మిదీ నాలుగొందలు రాసింది. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. అందరం నించుని, ఆవిడ నిజంగా సంపాదించుకున్న అంకెకి చప్పట్లు కొట్టాం. అయిపోయిందనుకున్నాను. కాటా ఎక్కాను.

నూటికి తొమ్మిది వందలు పైన. ముల్లు అక్కడే. చెయ్యి అక్కడే.

కాటా మీదే కూలబడ్డాను. "లెక్క సరిచేశాంగా! ఇంకేం కావాలి ఆవిడకి?"

"నాకేం తెలుసు?" అంది ఓఫెలియా. "లెక్క కోసం రాలేదని మాత్రం తెలిసింది. నీకెన్ని రోజులుంది?"

"ఏడు."

"ఎంత తగ్గాలి?"

"తొమ్మిదొందలకి పైన. నేను వారానికి మూడొందలు తగ్గడమే గగనం."

"అయితే ఆవిడ బరువు ఆవిడకి వదిలెయ్యి. నీది నువ్వు తగ్గు."

"రెండ్రోజులు నీళ్ళు మానెయ్, కిలో దిగుతావు," అన్నాడు కార్మెలో.

"వాడు ఇవ్వాల్సింది కిడ్నీరా, ఎండుద్రాక్ష కాదు! నీళ్ళు తాగే తగ్గాలి," అని కసిరింది ఓఫెలియా.

ఆ వారం నన్ను సంఘమంతా వంతులు వేసుకుని మోసింది. ఉదయం ఆరింటికి మంచులో రైలుపట్టాల వెంట ఒకరు, సాయంత్రం స్మశానం రోడ్డు మీద మరొకరు నాతో నడిచారు. మోకాళ్ళు పోయిన అడెలైదా అనే ముసలమ్మ నడవలేక, నేను కనిపించే దాకా తన గుమ్మంలో చలిలో నించునేది. దాటుతుంటే, "ఆగావంటే చంపుతా!" అని అరిచేది. గుమ్మడికాయ ఉడికించి పంపారు. మాతే అనే ఆకుతో కాచిన చక్కెర లేని టీ ఫ్లాస్కుల్లో నింపారు. కార్మెలో మాంసం మధ్య నించుని ఫోను చేసేవాడు: "ఏం తిన్నావురా?" అచ్చం ఆవిడ మాటే. మా ఇద్దరికీ ఒళ్ళు జలదరించేది. నాతో నడిచేవాళ్ళు ఎవరూ నా ఎడమ పక్కకి వచ్చేవారు కాదు. అడక్కుండానే అక్కడ ఒక మనిషి చోటు వదిలి నడిచారు.

ఇరవయ్యో తారీఖు ఉదయం ఆస్పత్రి కాటా ఎక్కాను. నేను చొక్కా విప్పగానే నర్సు నా ఎడమ భుజం వైపు చూసి, "ఈ కమిలిన మచ్చలేంటి?" అంది. కళ్ళు మూసుకున్నాను. నా గుండె మాత్రం మైకు పెట్టుకుని కొట్టుకుంటోంది.

"తొంభై తొమ్మిదీ తొమ్మిదొందలు," అంది నర్సు.

చేతితో సహా! డాక్టరు సంతకం పెట్టాడు. నాతో బస్సులో వచ్చిన ఓఫెలియా, కార్మెలో వరండాలో గెంతుతుంటే మూడు వార్డుల రోగులు లేచి కూర్చున్నారు. నేను అక్క దగ్గరికి పరిగెత్తాను. ఎడమ చేతికి గొట్టాలతో, రక్తం కడిగే యంత్రం పక్కన కుర్చీలో ఉంది.

"దిగానే అక్కా! సంతకమైపోయింది!"

అక్క నవ్వలేదు. కిటికీ వైపు తిరిగింది.

"నువ్వు దిగవనుకున్నానురా. ఆ ధైర్యంతోనే ఉన్నాను."

"అదేంటే?"

"నిన్ను కోసి నాకు పెడతారు. అది నాలో ఇమడకపోతే? నీదీ పోయి, నాదీ పోయి... నాకు భయంగా ఉందిరా. నువ్వు ఓడిపోతే నేను వద్దని చెప్పక్కర్లేదనుకున్నాను." ఏడ్చింది. "వద్దని చెప్పెయ్యరా. నీకు పుణ్యముంటుంది."

ఊరంతటికీ వినపడేలా అరిచేవాణ్ణి. ఆ ఒక్క మనిషికి చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. కుర్చీ పక్కన నించుని, టోపీని రెండు చేతులతో నలుపుతూ ఉండిపోయాను. అప్పుడు నా ఎడమ భుజం మీది గుంటలు ఒక్కొక్కటే లేచాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, చూపుడు వేలు. చివరికి వెనకనున్న బొటనవేలు. అక్కడ ఒక్కసారి చల్లటి గాలి తగిలింది.

అక్క ఏడుపు మధ్యలో ఆగింది.

"చెయ్యి తియ్యరా, బరువుగా ఉంది," అంది నా వైపు తిరక్కుండా.

ఆవిడ తల తిప్పి, ముందు నా రెండు చేతుల్నీ, వాటిలో నలుగుతున్న టోపీనీ చూసింది. తర్వాత నెమ్మదిగా తన కుడి భుజం వైపు చూసుకుంది. గౌను గుడ్డ అక్కడ నొక్కుకుని ఉంది. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలాసేపు ఊపిరి బిగబట్టి, ఏదో వింటున్నట్టు కూర్చుంది. యంత్రం తిరుగుతున్న చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు.

చివరికి ముక్కు తుడుచుకుంది.

"ఆపరేషను ఎప్పుడన్నారు?" అంది.