వల గుండ్ల సైన్యం

ఆ ఆదివారం మధ్యాహ్నం సుందర్ రావు గారి మేడగదిలో ఫ్యాను తిరగడం లేదు. మార్చి ఎండకు పైన రేకులు చిటపటమంటున్నా, వేయమని ఎవరూ అడగలేదు. వేస్తే బల్ల మీది జెండాలు పడిపోతాయి. రెండు పాత బడిబల్లలు కలిపి, మీద ఇసుక పరిచి, గోనెపట్టాలు మడిచి గుట్టలుగా పెట్టిన యుద్ధభూమి అది. ఈ కొసన కాకతీయుల సైన్యం, ఆ కొసన దేవగిరి సైన్యం. ఒక్కొక్క మనిషి బొటనవేలంత.

సుందర్ రావు హనుమకొండలో చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరరు. వెనకటికి మిషన్ దవాఖానలో పనిచేసిన ఒక ఇంగ్లీషు డాక్టరు దగ్గర ఈ ఆట నేర్చుకున్నాడు. డాక్టరు వెళ్లిపోతూ ఇచ్చిన నియమాల పుస్తకాన్ని తెలుగులోకి దించి, సైక్లోస్టయిలు కాపీలు తీయించి, ఊళ్లో తొమ్మిదిమందిని పోగుచేశాడు. సైన్యాన్ని ఎవరికి వారే తయారు చేసుకోవాలి, లేదా తెప్పించుకోవాలి. రంగు వేయని బొమ్మ బల్ల ఎక్కకూడదు. టేపుతో కొలిచి నడపాలి, పాచికలు వేసి కొట్టాలి. ఏడాదికొకసారి పోటీ, గెలిచినవాడికి ఇత్తడి కప్పు. 1982లో ఆఖరి ఆటకు మిగిలిన ఇద్దరూ ఒకరి గాలి ఒకరికి సోకితే ఓర్వనివాళ్లు.

ఒకరు రాజేశ్వర్ రావు, హనుమకొండ కోర్టులో వకీలు. ఆయన సైన్యం ఇంగ్లండు నుంచి పార్సిల్లో వచ్చింది. మొహాలకు చామనఛాయ పూసి, టోపీల మీద తలపాగాలు దిద్ది, వీళ్లే దేవగిరి వాళ్లన్నాడు. రెండోవాడు దావీదు, వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక ప్రెస్సులో పద్దెనిమిదేళ్లుగా సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు. దావీదు సైన్యం వడ్డేపల్లి చెరువు నుంచి వచ్చింది. అక్కడ చేపలు పట్టే కట్టయ్య చినిగిపోయిన వలల నుంచి సీసం గుండ్లు ఊడదీసి అతనికిచ్చేవాడు. మైనంతో బొమ్మ చేసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి, పెరట్లో కుంపటి మీద ఆ గుండ్లు కరిగించి పోసేవాడు దావీదు. "ఆ పొగ ఇంట్లకు రానియ్యకు, కూట్ల పడ్తది" అని గొణుగుతూనే అతని భార్య ఏసమ్మ గాలివాటం చూసి కుంపటి జరిపిపెట్టేది. ఉడుత తోక వెంట్రుకలు రెండు కట్టిన కుంచెతో అతను ఎనభై నాలుగు బొమ్మలకు కళ్లు దిద్దాడు.

వకీలు దావీదు బొమ్మల్ని చేత్తో ముట్టుకునేవాడు కాదు. చచ్చినవాటిని స్కేలు కొసతో బల్ల అంచుకు నెట్టేవాడు. మిగతా ఏడుగురి బొమ్మల్ని మాత్రం వేళ్లతోనే తీసేవాడు. ఎందుకో దావీదుకు తెలుసు, గదిలో అందరికీ తెలుసు. చేతితో ఇవ్వలేని జవాబు దావీదు నోటితో ఇచ్చేవాడు.

"దావీదూ, నీ ఏనుగేందయ్యా బర్రె లెక్కున్నది," అన్నాడు వకీలు ఆట మొదట్లోనే.

"బర్రె అయితేంది వకీల్ సాబ్, తొక్కుడు తొక్కుతాంది గద. మీ దేవగిరి గుర్రపోళ్లకు ఇంగ్లీషు బూట్లెక్కడియి? యుద్ధానికి పోతూ పోతూ చౌరస్తాల కొనుక్కున్నరా?"

నలుగురు నవ్వారు. వకీలు నవ్వలేదు. టేపు బల్ల మీద పరిచి, అర అంగుళం తేడాకు పది నిమిషాలు వాదించాడు.

వాదించినా లాభం లేకపోయింది. రెండు గంటలయ్యేసరికి దేవగిరి గుర్రాలు సగం బల్ల దిగాయి. కాకతీయుల నడిమి దండు గుట్ట ఎక్కి కదలకుండా నిలబడింది. దానికి కారణం జెండా. నియమం ప్రకారం జెండాకు అడుగు దూరంలో ఉన్న సిపాయిలు పారిపోరు. జెండా పోతే మాత్రం ప్రతి వరసకూ పాచిక వేయాలి. తక్కువ పడితే ఆ వరస పారిపోయినట్టే.

ఆ జెండా కట్టె కోసం దావీదు చాలా తిప్పలు పడ్డాడు. మూడంగుళాల సన్న కట్టె. వల గుండు సీసంతో పోస్తే ఎండకే వాలిపోయేది. ఇనుప తీగ పెడితే సిపాయి పిడికిట్లో గిర్రున తిరిగేది. చివరికి దసరా ముందు ఒక సాయంత్రం ప్రెస్సులో విరిగిన అక్షరాలు వేసే డబ్బాలోంచి పిడికెడు తీసి జేబులో వేసుకున్నాడు. అచ్చక్షరాల సీసంలో వేరే లోహాలు కలుస్తాయి, గట్టిగా ఉంటుంది. కట్టె ఒక్కటే దాంతో పోసి, వల గుండు సిపాయి చేతికి అతికాడు. నిటారుగా నిలిచింది. ఆ డబ్బా నిండాక హైదరాబాదు పోయి కొత్త అక్షరాలై తిరిగొస్తుందని అతనికి తెలుసు. పిడికెడుకు ఏమవుతుందిలే అనుకున్నాడు, మళ్లీ ఆ సంగతి తలుచుకోలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపులో వెంకట్రాజం కనిపించాడు. దావీదు పనిచేసే ప్రెస్సు ఆయనదే. ఈ గదికి ఎన్నడూ వచ్చిన మనిషి కాదు.

"రాండ్రి సేటు. టైముకొచ్చిండ్రు," అని వకీలు లేచాడు. "సుందర్ రావు గారూ, ఆట ఆపుండ్రి. ఒక అబ్జెక్షన్ ఉన్నది."

"ఏ నియమం మీద?" అన్నాడు సుందర్ రావు.

"నియమం కాదు, నేరం. సేటు ప్రెస్సుల పాత అక్షరాల సీసం తక్కువొస్తాందట. మొన్న కోర్టు కాడ నాతోని సేటే అన్నడు. ఇగో, ఎనభై నాలుగు తలకాయలు. సీసం యాడికి పోయిందో మన కండ్ల ముందట్నే నిలబడ్డది."

దావీదు చెవులు వేడెక్కాయి. "గివి వల గుండ్లు. వడ్డేపల్లి కట్టయ్యను అడుగుండ్రి."

"కట్టయ్య వల ఇసురుతడు. సాక్ష్యం చెప్పడు."

వెంకట్రాజం కూర్చోలేదు. తన ఇంటి కేసు ఈ వకీలు చేతిలో ఉంది. పిలిస్తే రాక తప్పలేదన్నట్టుంది ఆయన మొహం. దావీదు వైపు చూసి, గొంతు పెంచకుండా, "నా సీసమైతే రేపటి సంది పనికి రాకు. పద్దెనిమిదేండ్లయితేంది, ఇరవై అయితేంది," అన్నాడు.

దొంగ అన్న పేరుతో ఒక ప్రెస్సులోంచి బయటపడ్డవాణ్ని వరంగల్లో ఇంకో ప్రెస్సు గడప తొక్కనివ్వదు. దావీదు చేతికి వచ్చిన పని అదొక్కటే. సుందర్ రావు మూలనున్న కుండలోంచి గ్లాసెడు నీళ్లు ముంచి దావీదు చేతికిచ్చాడు. అతను తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

నీళ్లు దిగగానే దావీదుకు కోపం ఎక్కింది. పనితనం తెలిసినవాడి కోపం అది.

"సేటూ, మీకు నేను చెప్పాల్నా? అచ్చక్షరం ఇరుగుతది గని వంగది. వల గుండు వంగుతది గని ఇరగది. ఏ బొమ్మనన్న తీసుకోండ్రి. వంచి చూడుండ్రి. ఒక్కటి ఇరిగినా నేను దొంగనే."

అన్నాక గుర్తొచ్చింది. గుట్ట మీద జెండా నిటారుగా నిలబడి ఉంది.

"మాట నువ్వే అన్నవ్," అన్నాడు వకీలు. "మూడు బొమ్మలు నేను చూపిస్త. సేటు వంచుతడు."

స్కేలు కొస ఒక విలుకాడి మీద ఆగింది. వెంకట్రాజం ఆ బొమ్మను తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి నొక్కాడు. నడుము దగ్గర మెత్తగా ముందుకు వంగి, నమస్కారం పెడుతున్నట్టయింది. రంగు పగిలింది, సీసం పగల్లేదు. స్కేలు ఒక గుర్రం మీదికి పోయింది. గుర్రం కాళ్లు నాలుగూ ఒక పక్కకు ఒరిగాయి. విరగలేదు.

"ఇగ సాలదా రాజేశ్వర్ రావు గారూ?" అన్నాడు సుందర్ రావు.

"మూడన్న. ఇంకోటి ఉన్నది." వకీలు తొందరపడలేదు. దావీదు చూపు ఎక్కడికి పోకుండా తప్పించుకుంటుందో చూశాడు. ఎన్నో ఏళ్లు కోర్టులో సాక్షుల మొహాలు చదివినవాడు. స్కేలు ఇసుక మీదుగా గుట్ట ఎక్కి జెండా పక్కన ఆగింది. "గీడు."

వెంకట్రాజం జెండా సిపాయిని అరచేతిలో పెట్టుకున్నాడు. చూపుడువేలి గోరుతో కట్టె మీద ఒకసారి కొట్టాడు. సన్నగా టింగుమంది. ఆ చప్పుడు మిగతావాళ్లకు ఏమీ చెప్పలేదు. ఏళ్ల తరబడి అచ్చక్షరాల మధ్య బతికిన ఆ ఇద్దరికీ చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన తలెత్తి దావీదు వైపు చూశాడు. ఆ చూపులో దయ లాంటిదేమీ లేదు. దావీదు గోడవైపు చూడలేదు, కిందికీ చూడలేదు.

వెంకట్రాజం సిపాయి కాలు పట్టుకుని వంచాడు. కాలు మోకాలి దగ్గర మడతపడింది.

"వంగింది," అన్నాడు.

"కాలు కాదు సేటూ. కట్టె వంచుండ్రి," అన్నాడు వకీలు.

"ఎవని సీసం గురించి ఈ పంచాయితీ?"

"మీదే."

"నాదే అయితె యాడ వంచాల్నో నాకు తెల్సు." ఆ సిపాయిని తిరిగి బల్ల మీద పెట్టకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది నా కాడ ఉంటది." మెట్లు దిగిపోయాడు.

దావీదు విలుకాణ్నీ గుర్రాన్నీ వేళ్లతో సరిచేసి ఇసుకలో నిలబెట్టాడు. జెండా సిపాయి చోటు ఖాళీగా ఉంది. ఆటలో ఉన్న బొమ్మను బయటివాడు పట్టుకుపోతే ఏం చేయాలో సైక్లోస్టయిలు పుస్తకంలో లేదు. సుందర్ రావు దావీదు అడుగుతాడేమోనని చూశాడు. అడిగితే ఆట వాయిదా వేసేవాడే. దావీదు అడగలేదు. దాంతో ఆ కట్టె సేటు సీసమేనని వకీలుకు తెలిసిపోయింది.

"బల్ల మీద లేనోడు సచ్చినోడే గద," అన్నాడు పాచికలు సుందర్ రావు ముందుకు జరుపుతూ. "జెండా పోయింది. ఏయమనుండ్రి."

మొదటి వరసకు రెండు పడింది. రెండో వరసకు ఒకటి. పొద్దు వాలేలోగా కాకతీయుల దండు గుట్ట దిగి చెల్లాచెదురైంది. వకీలు స్కేలుతో ఒక్కొక్కణ్నీ అంచుకు నెడుతూ, "పిడికెడో దోసెడో, దొంగతనం దొంగతనమే దావీదూ," అన్నాడు, అతనికి ఒక్కడికే వినపడేలా. ఇత్తడి కప్పు ఆయన ఇంటికి పోయింది.

సోమవారం పొద్దున దావీదు అందరికంటే ముందే ప్రెస్సుకు వెళ్లాడు. వెంకట్రాజం బల్ల మీద జెండా సిపాయి పడుకుని ఉన్నాడు.

"ఎంత తీసినవ్?"

"పిడికెడు. ఇరిగిన అక్షరాల డబ్బాల నుంచి. దసరా ముందట."

"పిడికెడే అంటె నమ్మాల్నా?"

"నమ్మకపోతె మీ ఇష్టం సేటూ. ఉన్నమాట చెప్పిన."

"నిన్న ఎందుకు చెప్పలే?"

వెంకట్రాజం బొమ్మను తీసుకుని జెండా కట్టెను వేళ్ల మధ్య పట్టి వంచబోయాడు. టక్కున విరిగింది. ఆ ముక్కల్ని డబ్బాలో పడేసి, కట్టె లేని సిపాయిని బల్ల మీదుగా దావీదు వైపు తోశాడు. "వల గుండు నీది. నాకద్దు."

"వకీల్ సాబ్‌కు మీరు..."

"ఆయన నా కేసు వాదిస్తడు. నా ప్రెస్సుల ఎవడు ఉండాల్నో ఎవడు పోవాల్నో ఆయన చెప్పుడేంది?" అన్నాడు వెంకట్రాజం కటువుగా. "నీ మీద ప్రేమతోని అనుకునేవ్. పెండ్లిళ్ల సీజను. కార్డులు కుప్పబడ్డయ్. నిన్ను ఎల్లగొడితె కంపోజు ఎవడు చేస్తడు? కానీ ఇగ నుంచి పొయ్యేటప్పుడు సంచి ఇప్పి సూపెట్టి పో. రోజూ. అందరి ముందట."

ఆ మాట పదింటికల్లా ప్రెస్సంతా పాకింది. అచ్చు మిషను తొక్కే యాదగిరి దావీదుతో కలిసి పన్నెండేళ్లు చాయ తాగినవాడు. ఆ రోజు తన చాయ తను పట్టుకుని బయటికి పోయాడు. తిరిగొచ్చి, "ఏందే దావీదన్నా, సైన్యాన్ని సంచిల మోసుకపోతాన్నవట," అన్నాడు. మిగతా ఇద్దరూ కిసుక్కుమన్నారు. దావీదు నాలుగు పెళ్లి కార్డులు కంపోజ్ చేశాడు. ఒక్క అక్షరం తప్పుపోలేదు. భోజనానికి టిఫిన్ మూత తీసి, రెండు ముద్దలు తిని మళ్లీ పెట్టేశాడు.

సాయంత్రం ఆరింటికి సంచి తీసుకుని సేటు బల్ల ముందు నిలబడ్డాడు. యాదగిరీ మిగతా ఇద్దరూ చేతులు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ వెనకే ఆగారు. దావీదు సంచి నోరు రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాడు. లోపల టిఫిన్, తువ్వాలు, కండ్లద్దాల డబ్బా.

వెంకట్రాజం కుర్చీలో వెనక్కి తిరిగి, గోడ మీది క్యాలెండరు ముందు మొహం పెట్టి ఉన్నాడు. పెళ్లి ముహూర్తాలు చూసుకుంటున్నవాడిలా మార్చి కాగితం మీద వేలు పెట్టి, ఒక్కొక్క తేదీ తాకుతూ పోయాడు. సంచి ఎంతసేపు తెరిచి ఉందో అంతసేపూ తల ఇటు తిప్పలేదు. వేలు ఆగిన తేదీలన్నీ అప్పటికే గడిచిపోయినవి.

"సూసిన. పో," అన్నాడు గోడతో.

దావీదు సంచి మూసుకుని స్టేషన్ రోడ్డు మీదికి దిగాడు.