ఫొటో కోసం ఉడికినదాన్ని

నేను ఒక ఎంజైమును. పేరు జైలనేజ్. పేరులోనే జైలుంది, ఇక బతుకేం బాగుపడుతుంది? మొక్కల కణాల గోడల్లో జైలాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. దాన్ని ముక్కలుముక్కలుగా తెంపడమే నా ఉద్యోగం. ఇన్ని గోడలు కూల్చాను గానీ నా గోడు వినేవాడు దొరకలేదు. మీరు దొరికారు. కదలకండి.

చెరుకు ఫ్యాక్టరీ వెనక కుళ్లి పొగలు కక్కే పిప్పి గుట్టలో మా అమ్మ ఒక బ్యాక్టీరియా. నన్ను కని బయటికి ఉమ్మేసింది. మా ఇంట ఉయ్యాల లేదు, పుట్టగానే డ్యూటీ. అక్కణ్ణుంచి మమ్మల్ని పైడితల్లి అనే పరిశోధక విద్యార్థిని డబ్బాలో ఎత్తుకుని యూనివర్సిటీకి తెచ్చింది. డెబ్బై డిగ్రీల వేడిలో గంట ఉన్నాక కూడా నేను పనిచేస్తే కాగితం మిల్లులకు పనికొస్తానట. ఆ ఒక్క పరీక్ష మిగిలింది, అదైతే ఆమె థీసిస్ పూర్తి. గడువు నెలాఖరు.

ఆమె గైడు విశ్వంభరరావు గారు. పేరుకు గైడు, దారికి అడ్డు. తన సన్మాన సభలో మైకు కోసం ఆయనే ల్యాబు ఫ్రీజరు ప్లగ్గు పీకారు, తిరిగి పెట్టడం మరిచారు. అందులో గడ్డకట్టించి దాచిన మా అమ్మ వంశమంతా కరిగి, మూడు రోజులు తిండి లేక చచ్చింది. పక్కగది ఫ్రిజ్‌లో ఒక్క గొట్టంలో, నాలుగు చుక్కలు, నేను మిగిలాను.

ఇంతలో ప్రాజెక్టుకు డబ్బిచ్చే కమిటీ చూడడానికి వస్తోందన్నారు.

“ఫొటో తియ్యమ్మా,” అన్నారాయన.

“ఇదే ఆఖరుదండి సార్. వేడి పరీక్ష చేసేస్తే నా థీసిస్ అయిపోద్ది.”

“నీ థీసిస్ ఎక్కడికి పోద్ది? ఫొటో లేని ప్రాజెక్టు పెళ్ళికొడుకు లేని శుభలేఖ!”

నాలాంటివాళ్ళ ఫొటో తీయాలంటే ముందు సబ్బులో ముంచి ఉడకబెడతారు, ఆ దెబ్బకు ఎంత గట్టివాళ్ళమైనా ఇక పనిచెయ్యలేం. తర్వాత జెల్లులో కరెంటు పెట్టి పరిగెత్తిస్తారు. ఆపైన నీలం రంగు పూస్తారు. అటెండరు అప్పన్న నోరెళ్ళబెట్టాడు. “ఫొటోకి ఉడకబెడతారేటమ్మా? మా ఊళ్ళో పౌడరు రాస్తారు!”

ఆమె నవ్వలేదు. నాలుగు చుక్కలూ పోసి నన్ను ఉడికించింది. నేనొక నీలం గీతనయ్యాను. ఆ గీతను బ్యాండంటారు. బ్యాండు నాది, బాజా ఆయనది.

కమిటీ పెద్దాయన ఫొటో చూసి, “భేష్. ఇది వేడికి తట్టుకుంటుందా?” అన్నాడు.

“ఆ పరీక్ష మా అమ్మాయి చెయ్యలేదండి,” అన్నారు విశ్వంభరరావు గారు నవ్వుతూ. “ఈ కాలం పిల్లలు, బద్ధకం.”

పైడితల్లి నోరు తెరిచింది. గడువు పెంచమనే కాగితం మీద సంతకం ఆయనదే కావాలి. మూసుకుంది. ఆయన ఎలాగూ పెట్టలేదు. నెలాఖరుకు ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషను రద్దయింది.

వెళ్ళిపోయే రోజు ఆమె చెత్తబుట్టలో నేనున్న ఎండిన జెల్లును చూసి వంగింది. “డెబ్బైకి తట్టుకుందువా?” అని మెల్లగా అడిగింది.

అవునని చెబితే ఆమెకు ఎంత హాయిగా ఉండేదో! కానీ నాకూ తెలియదు. పరీక్ష పెట్టి ఉంటే కదా తెలిసేది.