వెలుగుతున్న ఖాళీ పెట్టె

నేను ఒక సర్వర్‌ని. ఆ మాట అనుకోవడానికి నాకే రోత. సర్వర్ వేషం కట్టిన ఇనప పెట్టెనంటే సరిపోతుంది.

ఒకప్పుడు మాత్రం నిఖార్సైన యంత్రాన్నే. ఒక బ్యాంకు చల్లటి గదిలో, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను గుండెల్లో పెట్టుకుని పండగా పబ్బమూ లేకుండా పనిచేశాను. నా ఫ్యాన్ల హోరుకి పక్కవాడి మాట వినపడేది కాదు. ముసలిదాన్నయ్యాక డిస్కులూ, ఫ్యాన్లూ అన్నీ ఊడబెరికి అమ్ముకున్నారు. మిగిలిన డొల్లను అమీర్‌పేటలో యూనిక్స్‌కి తమ్ముడి వరసైన లినక్స్ కోర్సులు చెప్పే భూషణం తెచ్చుకున్నాడు.

గుల్లగా ఉన్న నన్ను చూసి ఆయన మురిసిపోయాడు. పెళ్లి పందిట్లో వేలాడదీసే రంగు బల్బుల తోరణం ఒకటి నా పొట్టలో చుట్టబెట్టి, ముందు నల్లద్దం తలుపు బిగించి, రిసెప్షన్‌లో నిలబెట్టి స్విచ్ వేశాడు. నుదుటి మీద 'లైవ్ సర్వర్' అని స్టిక్కర్. దసరాకి ఆయుధపూజ కూడా చేశారు. కొబ్బరినీళ్లు నా ఖాళీ పొట్టలోకి కారి, పులిసి, చాన్నాళ్లు కంపు కొట్టాయి. ఆ కంపు నయం, భూషణం మాటలకంటే.

సర్టిఫికెట్ కోసం వచ్చిన ప్రతివాళ్లకీ నన్ను చూపించి, "ఈ క్షణంలో కూడా మా పిల్లలు దీని మీదే ప్రాక్టీసు చేస్తున్నారు" అనేవాడు. అద్దం గోడ అవతల ల్యాబ్‌లో పిల్లలు చేసేది ఒకటే, పాత ప్రశ్నలకు జవాబులు ఎక్కాల్లా వల్లించడం. వచ్చినవాళ్లు నాకు దండం పెట్టి మరీ చేరేవారు. అందరూ చదువుకున్నవాళ్లే. ఒక్కరూ తలుపు తీసి చూడలేదు.

ఒక సాయంత్రం కొత్త జంట వచ్చింది. తన్మయి కాళ్ల పారాణి ఇంకా పోలేదు. పొట్లంలో మిగిలిన ఆఖరి మిరపకాయ బజ్జీని సగం కొరికి, మిగతా సగం మొగుడు శేషసాయి నోట్లో పెట్టింది. లినక్స్ పరీక్ష నెగ్గితేనే ఆమె ఉద్యోగం ఖాయం చేస్తామన్నారట. అందులో మిషన్ ముందు కూర్చుని నడిపి చూపించాలి. కంపెనీ ఒక్కసారే పంపుతుంది. తప్పితే ఇంటికే. అందుకే నిజమైన సర్వర్ మీద నేర్పే చోటు కోసం పొద్దుటి నుంచి మెట్లెక్కి దిగుతున్నారు.

నన్ను చూడగానే ఆమె కళ్లు మెరిశాయి. "బావా, ఎంత ముద్దుగా ఉందో చూడు. దీని పక్కన నాకో ఫోటో తియ్యవా" అంది. నిలువునా తుప్పు పట్టిపోతే బాగుండుననిపించింది నాకు.

భూషణం అప్పటికే కోర్సులో చేరే ఫారం బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చాడు. శేషసాయి ఫోన్ పట్టుకుని వెనక్కి జరిగాడు, ఇంకాస్త జరిగాడు. కాలు తగిలి నా ప్లగ్గు ఊడింది. దీపాలన్నీ ఆరిపోయాయి.

అతను నాలిక్కరుచుకున్నాడు. లోపల పిల్లల పనంతా పోయి ఉంటుందని క్షమాపణ చెప్పుకున్నాడు. పర్లేదు, పర్లేదంటూ భూషణం ప్లగ్గు కోసం వంగాడు.

తన్మయి ల్యాబ్ వైపు చూసింది. ఒక్క తల లేవలేదు. పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

"సర్వర్ ఆగిపోయింది కదండీ," అంది నెమ్మదిగా, "లోపల ఒక్కరూ అరవలేదేం?"

భూషణం బ్యాకప్ అన్నాడు, క్లౌడ్ అన్నాడు, చివరికి దేవుడి దయ అన్నాడు. ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"పద బావా. బజ్జీలకైతే మళ్లీ ఈ వీధికే వద్దాం."

దాంతో భూషణానికి బుద్ధి వస్తుందనుకున్నాను. వచ్చింది. మర్నాడే నాకు బ్యాటరీ తగిలించాడు, ఇంకెప్పుడూ ఆరిపోకుండా. బల్బుల తోరణానికి బ్యాటరీ!

బట్టీ పట్టినవాళ్లంతా పరీక్షలో మిషన్ ముందు గుడ్లు తేలేసి రావడంతో చివరికి సెంటర్‌కి తాళం పడింది. పాత సామాన్లవాడు నన్ను ఒంటిచేత్తో ఎత్తి, "ఇంత పెట్టె, దూదిలా ఉందే" అని నవ్వాడు.

ఇప్పుడు అతని కొట్టు ముందు తలుపూడి, పొట్ట తెరుచుకుని పడున్నాను. మొన్న ఆ జంట పెళ్లికానుకల అట్టపెట్టెలు వేసిపోవడానికి వచ్చింది. తన్మయి మెడలో కంపెనీ కార్డు. కొట్టువాడు అడక్కపోయినా చెప్పింది. ఊరి చివర ఇరుకు గదిలో ఒక మాస్టారు దొరికాడట. మొదటి రోజే నడుస్తున్న మిషన్‌ను ఆమె ఎదుటే చెడగొట్టి, బాగుచెయ్యమన్నాడట.

అంతలో నన్ను గుర్తుపట్టింది. చిరిగిన స్టిక్కర్ చదివి, నా డొక్కలోకి తొంగిచూసి పగలబడి నవ్వింది.

"బావా, ఆ రోజు ఫోటో మిగిలిపోయింది కదూ. ఇప్పుడు తియ్యి."

తీశాడు. లోపలేముందో కనపడేలా ఎవరైనా నన్ను తీసిన ఫోటో అదొక్కటే.