విమానానికి కొలతలు

మా ఆయన దర్జీ. పక్షవాతం నుంచి తేరుకున్నాక చెయ్యి బాగానే ఆడుతోంది గానీ మనిషికే ధైర్యం పోయింది. ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేశారు. ఆ రోజు నుంచి కత్తెర ముట్టలేదు. "బుర్ర పోయిందే నాకు" అని ఒకటే పాట. చేతులకి ఏదో ఒక పని చెప్పమన్నాడు డాక్టరు. ఈయన బాల్సా అనే తేలికపాటి చెక్కతో బొమ్మ విమానం చేస్తానన్నారు.

"ఇదీ చేతకాకపోతే తాడో పేడో తేలిపోయినట్టే. మిషను అమ్మేద్దాం."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది.

లెక్క మాత్రం బాగానే వేశారు. రెక్క ఈ కొన నుంచి ఆ కొనకి ఇరవై నాలుగు అంగుళాలు. బాడీ పొడవు అందులో ముప్పాతిక, అంటే పద్దెనిమిది. రెక్క వెడల్పు నాలుగు కాబట్టి దాని ముందు ముక్కుకి నాలుగు, వెనక తోకదాకా పది. ముక్కు మరీ పొట్టిదైతే తోక బరువుకి వెనక్కి వాలిపోతుందట.

రెండు పక్కల చెక్కలూ కోశారు. తీరా రెక్కని వాటిలో దానికోసం కోసిన గాడిలో పెట్టబోతే దూరలేదు. బాడీ చూస్తే ఊరికే లావు. నా నోరు ఊరుకోదు కదా, "విమానమా, గున్న ఏనుగా?" అనేశాను.

ఆయన నవ్వలేదు. బ్లేడు కింద పెట్టి, "చెప్పానా? అయిపోయింది. మిషను ఎవరికి కావాలో కనుక్కో" అన్నారు. ఆ గొంతులో కోపం కూడా లేదు. నాకు భయమేసింది.

టేపు తీసుకుని కొలిచాను. పొడవు పంతొమ్మిది. ఎత్తు రెండు ఉండాల్సింది మూడుంది. గాడి నాలుగుండాల్సింది మూడే. ముక్కు దగ్గర అర అంగుళం, తోక దగ్గర అర అంగుళం, పైనా కిందా, గాడి లోపల రెండు వైపులా అర అంగుళమే. ఎక్కడా దారమంత తేడా లేదు. అప్పుడు తట్టింది. గుడ్డ కత్తిరించేటప్పుడు మేం చుట్టూ వదిలేది కూడా అంతే. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

"కుట్టుకి వదిలారండీ! చెక్కకి కుట్టేంటి? చింత చచ్చినా పులుపు చావలేదంటే ఇదే."

"అదేగా నేను చెప్పేది. మతి లేదు."

"మతి పోయినవాడు ఒకచోట అర, ఇంకోచోట ముప్పావు వదులుతాడు. మీరు చుట్టూ ఒకేలా వదిలారు. బుర్ర పోతే ఆ అర అంగుళం ఎవరు గుర్తుపెట్టుకున్నారు? నేనా?"

ఆయన టేపు లాక్కున్నారు. నా మాట మీద నమ్మకం లేనట్టు అన్నీ తనే కొలుచుకున్నారు. తర్వాత స్కేలు పెట్టి, అర అంగుళం లోపలికి గీత గీసి, బ్లేడు అందుకున్నారు. బాల్సా మెత్తన, ఒక్కసారే నొక్కితే నలిగిపోతుంది. తేలిగ్గా నాలుగైదుసార్లు లాగాలి. చెక్క కదలకుండా తోక దగ్గర పట్టుకుని నేను ఆయన చేతికేసే చూస్తున్నాను.

"నా చేతిని చూస్తావేంటే? చెక్క సరిగ్గా పట్టుకో! పెళ్లైన దగ్గర్నుంచీ చెబుతున్నా, ఏది పట్టుకోమన్నా వంకరగానే పట్టుకుంటావు!"

జబ్బు చేసిన నాటి నుంచి ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్లు తిని అంత సంతోషపడ్డ పెళ్లాన్ని నేనొక్కదాన్నేనేమో.