మేకు ఖాళీ చేసిన రోజు

నేను ఒక సరస్వతి పటాన్ని. టేకు చట్రం, మందపాటి అద్దం, వెనక గట్టి అట్ట. లోపల అమ్మవారు తెల్లచీరలో వీణ పట్టుకుని కూర్చుని ఉంటుంది, పక్కన నెమలి. అయితే నేను పుట్టింది గుడిలో కాదు, నరసరావుపేట బజారులో పటాలు కట్టే కొట్టులో. అందుకే నాకు భక్తికన్నా ముందు బేరం తెలిసింది. నన్ను కట్టిన మస్తాన్ వలీ అదే బల్ల మీద శ్రీరాముణ్ణీ, మక్కానూ, కొత్త దంపతుల ఫోటోలనూ కట్టేవాడు. అన్నింటికీ అవే మేకులు, అదే జిగురు. ఎవరి దేవుణ్ణి వాళ్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయేవారు. లోకమంతా ఇలాగే నడుస్తుందనుకున్నాను.

నన్ను కొన్నది చెన్నకేశవులు అనే ఎరువుల వ్యాపారి. ఊళ్లో అందరూ శెట్టిగారంటారు. ముందు అద్దం మీద వేలితో కొట్టి చూశాడు, చట్రం మూలలు సరిగ్గా కలిశాయో లేదో చూశాడు, ఆ తర్వాతే దండం పెట్టాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది. అప్పటికి వాళ్ల నాన్న పోయి ఏడాది కాలేదు. నా అడుగు పట్టీ మీద ‘కీ.శే. ఇమ్మడిశెట్టి సుబ్బరామయ్య జ్ఞాపకార్థం’ అని ఎర్రరంగుతో రాయించి, తన పల్లెలోని హైస్కూలుకు ఇచ్చాడు. అమ్మవారి పాదాలకన్నా ఆ అక్షరాలే పెద్దవి. దాతలు దేవుడికి ఇచ్చేది ఇస్తూనే తమ వాటా అక్కడే తీసేసుకుంటారు. దాన్ని నేను తప్పు పట్టను.

హైస్కూలు వరండాలో, ఆఫీసు గది పక్కన మేకుకు నన్ను తగిలించారు. వ్యాపారం బాగానే సాగింది. మామూలు రోజుల్లో పిల్లలు నన్ను దాటి పరుగెత్తేవారు. లెక్కల పరీక్ష ఉన్న రోజు మాత్రం చెప్పులు విడిచి మరీ వచ్చేవారు. పదో తరగతి పరీక్షలంటే ఇక నాకు సీజనే. ముందురోజు హాల్ టికెట్లన్నీ ఇత్తడి పళ్లెంలో పెట్టి నా ముందు పూజ చేసేవారు. హారతి అయ్యాక పిల్లలు వరసగా వచ్చి, నుదుట కుంకుమ పెట్టించుకుని, టికెట్ తీసుకోవాలి. ఈ ఏర్పాటు డ్రిల్లు మాస్టారు తిరుపతయ్యది. చెడ్డవాడు కాదు. తన పిల్లలు ఒక్కరూ తప్పకూడదని నిజంగానే మొక్కుకునేవాడు.

ఒక ఏడాది హెడ్మాస్టరు బదిలీ మీద వెళ్లడంతో తిరుపతయ్యే ఇన్‌ఛార్జి. బడి కమిటీ ఛైర్మన్ హోదాలో చెన్నకేశవులు కొబ్బరికాయ కొట్టడానికి వచ్చాడు. వరసలో సలోమి వంతు వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఏస్తేరు కూతురు. ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం.

“సార్, నా టికెట్ ఇవ్వండి సార్. బొట్టు మాత్రం వద్దు,” అంది ఆ పిల్ల.

“దేవుడు ఎవరైనా చదువుల తల్లి ఒకతే కదమ్మా. నీ ఒక్కదాని కోసం పద్ధతి మార్చమంటావా?” అన్నాడు తిరుపతయ్య.

“మేం పెట్టుకోం సార్.”

“అయితే పక్కన నిలబడు. అందరిదీ అయ్యాక చూద్దాం.”

తెల్లవారితే పరీక్ష. టికెట్ లేకపోతే సెంటరు గేటు దగ్గరే ఆపేస్తారు. పదేళ్ల చదువు పళ్లెంలో ఉంది, పిల్ల గోడ పక్కన ఉంది. వంటపాకలోంచి ఏస్తేరు పమిటకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“పూజలప్పుడల్లా దాన్ని వెనక నిలబెట్టారు, నిలబడింది. నేనేమన్నా అన్నానా సారూ? ఇయ్యాల టికెట్ కూడా పళ్లెంలో పెట్టుకుని కూచుంటే ఎట్టా?”

“ఏస్తేరూ, నువ్వెళ్లి వంట చూసుకో.”

“వంట అయింది. ఇది చూసుకోడానికే వచ్చా.”

వెనక ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. చెన్నకేశవులు కొబ్బరికాయ కింద పెట్టాడు. ఆ చూపు నాకు తెలుసు. నన్ను కొన్నప్పుడు మూలలు చూసిన చూపే.

“మాస్టారూ, నా కొట్లో గల్లాపెట్టె మీద ఎన్ని పటాలున్నాయో చూశారుగా. యూరియా కోసం వచ్చినోణ్ణి ముందు వాటికి దండం పెట్టమంటానా?”

“అంటే పక్క కొట్టుకు పోతాడు.”

“మరి ఈ పిల్ల ఎక్కడికి పోద్ది? ఆ టికెట్ ఇచ్చే కొట్టు ఇదొక్కటే. ఊరికంతటికీ ఒక్కటే కొట్టున్నప్పుడు గుమ్మంలో షరతు పెట్టకూడదండీ.”

తిరుపతయ్య ముఖం చిన్నబోయింది. “మీ నాన్నగారి పేరున్న పటం ముందు మీరే ఇట్లా మాట్లాడితే ఇంక నేనేం చెప్పను?”

ఆ మాట తగిలింది. చెన్నకేశవులు నా అడుగు పట్టీ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత పళ్లెంలోంచి టికెట్ తీసి సలోమి చేతికిచ్చాడు. అక్కడితో ఊరుకుంటాడనుకున్నాను. స్టూలు తెప్పించుకుని, తానే ఎక్కి, నన్ను దించాడు.

“ఈ ఏడు నేనున్నా. వచ్చే ఏడు ఎవరుంటారో. పటం ఉంటే పళ్లెం వస్తది, పళ్లెం వస్తే వరస వస్తది. పూజ కావాలన్న పిల్లలు ఇంటికాడ చేసుకుని రండి, మంచిది,” అన్నాడు.

నాకు చిన్నతనం అనిపించలేదంటే అబద్ధం. అన్నేళ్లు సాగిన మంచి గిరాకీ అది. కానీ దారిలో ఆయన కండువాతో నాన్న పేరు మీద దుమ్ము తుడుస్తూ నడిచాడు. నష్టంలో మేమిద్దరం సమానమేనని నెమ్మదించాను.

ఇప్పుడు నేను ఆయన కొట్లోనే, కాటాకు ఎదురుగా ఉన్నాను. పరీక్షలు ముగిశాక ఏస్తేరు వచ్చింది. చంకలో కొత్త యేసు పటం, ముఖం నిండా సంతోషం.

“మేకు ఖాళీగా ఉంది గదా శెట్టిగారూ. మీ చేత్తోనే తగిలించండి.”

చెన్నకేశవులు తల పట్టుకున్నాడు. “మా నాన్న పేరు దించింది నీ పటానికి చోటియ్యడానికి కాదమ్మా. రేపు దీనికి మొక్కనన్న పిల్లని ఎక్కడ నిలబెడతావు?”

ఆమె చంకలోని పటం వైపు ఓసారి చూసుకుంది. గోడ పక్కన నిలబడ్డ కూతురు గుర్తొచ్చిందేమో. “మరి ఆ మేకు?” అంది.

“గడియారం పెట్టిస్తున్నా.”

“అదైతే నష్టం నాకే. వంట ఆలస్యమైందని బడికంతా తెలిసిపోద్ది,” అని నవ్వి, పటాన్ని పమిటలో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

సలోమి పాసై నరసరావుపేటలో ఇంటరులో చేరింది. మొన్న వాళ్ల పొలానికి మందు తీసుకోవడానికి తనే కొట్టుకు వచ్చింది. చెన్నకేశవులు లోపల వెతుకుతున్నంతసేపూ తల ఎత్తి నన్నే చూసింది.

“శెట్టిగారూ, ఈ నెమలి ఎంత బాగుందో. బళ్లో ఉండగా ఎప్పుడూ చూడలేదు.”

“ఇప్పుడు చూడమని ఎవరన్నారు?”

“ఎవరూ అన్లేదు,” అని ఇంకాసేపు చూసింది.

బడిలో నాకు వచ్చిన దండాలకు కొదవ లేదు. వాటిలో మనసుతో పెట్టినవెన్నో, వరసలో పడి పెట్టినవెన్నో నాకు ఏనాడూ తేలలేదు. ఈ చూపు విషయంలో మాత్రం ఆ సందేహం లేదు. ఇది నాదే.