మంచుపెట్టెలో మోగిన గంట

ఆ వీధిలో సైకిలు తొక్కుతూ పోయే ప్రతివాడూ ఇస్త్రీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొడతాడు. అడ్డం ఎవరూ ఉండరు. అరుగు మీద కూర్చున్న మనిషి కోసం ఆ మోత. అతను తల ఎత్తి, వేళ్ళు లేని చెయ్యి గాల్లో ఊపుతాడు. వాళ్ళు నవ్వుకుంటూ పోతారు. ఊరందరికీ అతను గంటన్న. లోపల బొగ్గుల పెట్టె తోస్తూ నిలబడే ఆమెకు మాత్రం తమ్ముడు.

ఆమె ఆ మోత విన్నప్పుడల్లా ఇస్త్రీ పెట్టెను బట్ట మీద కాస్త గట్టిగా అదుముతుంది. ఇరవై ఏళ్ళుగా అదుముతూనే ఉంది.

ఆ రోజు సైకిలు మీద కాకుండా కారులో ఒక కుర్రవాడు దిగాడు. పెద్ద కళ్ళజోడు, చేతిలో రెండు ఫోన్లు. టీవీ కంపెనీలో ప్రొడ్యూసర్నని చెప్పి, తమ్ముడి కాళ్ళ దగ్గర అరుగు కింద మెట్టు మీదే కూర్చున్నాడు.

"అన్నా, 'తెల్లారేదాకా' మొదలై పాతికేళ్ళవుతోంది. ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నాం. నువ్వు లేకుండా ఎలా?"

తమ్ముడి మొహం విప్పారింది. అక్క లోపలి నుంచే అడిగింది. "దాన్ని మూయించేశారుగా నాయనా?"

"మూయించారక్కా. మా తరం పెరిగిందే అది చూసి. అప్పట్లో ఆ షోని ఎవరూ అర్థం చేసుకోలేదు."

"మావాడికి అర్థమైంది. అందరికన్నా ముందు."

కుర్రవాడు నవ్వాలో మానాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ షో శనివారం రాత్రి పెద్దవాళ్ళు పడుకున్నాక వచ్చేది. పిల్లలు టీవీ గొంతు తగ్గించి చూసేవారు. పెద్దవాళ్ళు తిట్టేవారు, తిడుతూనే తలుపు సందులోంచి ఓ కన్ను వేసేవారు. ఒకడి చేత బతికున్న పురుగులు నమిలించారు. ఒక అమ్మాయి చేత మనసుపడ్డవాడికి ఫోను చేయించి, వాడు తిట్టిన తిట్లు లోకానికంతా వినిపించారు. పత్రికలు దుమ్మెత్తిపోసిన కొద్దీ చూసేవాళ్ళు పెరిగారు. దాన్ని నడిపేవాణ్ణి అందరూ బావ అనేవారు. కుర్రాళ్ళందరికీ బావే, అమ్మాయిలందరూ అతనికి మరదళ్ళే.

పేరుకు అర్ధరాత్రి షో గానీ తీసేది పట్టపగలే. అలాంటి ఓ పగలే తమ్ముడు మంచుపెట్టెలో పడుకున్నాడు. అప్పుడతను కొట్లకు బోర్డులు రాసేవాడు. పక్కలకు గాజు పలకలు బిగించిన పెట్టె, లోపల మెడ దాకా పిండి చేసిన మంచు, మణికట్టుకు కట్టిన గంట. పడుకుని జోకులు చెప్పాలి. తట్టుకోలేకపోతే గంట మోగించాలి. మోగగానే తీసేస్తారు. అదీ నియమం.

దీపాల వేడికి మంచు కరిగి గడ్డకట్టుకుపోతోందని, గుల్లగా ఉండటానికి సామాన్లు సర్దేవాడు ఉప్పు చల్లాడు. ఉప్పు పడ్డ మంచు ఇంకా చల్లబడి ఎలా కొరుకుతుందో ఐస్‌ఫ్రూట్ బండివాణ్ణి అడిగినా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. దానికి తోడు, ఆ వారం డబ్బు పెట్టిన సబ్బుల కంపెనీవాళ్ళు, చూడటానికి వచ్చిన ప్రతివాడి చేతిలో ఒక బుల్లి గంట పెట్టారు. చప్పట్ల బదులు గంటలు మోగితే కొత్తగా ఉంటుందని ఎవరికో తోచింది. జోకు పేలినప్పుడల్లా హాలంతా గంటలు. తమ్ముడి గంట ఆ గంటల్లో కలిసిపోయింది.

అక్క ముందు వరసలో, గాజుకు ఆనుకున్నంత దగ్గరగా కూర్చుంది. వాడి మణికట్టు కదలడం చూసింది. లేచి అరిచింది. పక్కన నిలబడ్డ స్టూడియో మనిషి బొటనవేలు పైకెత్తి చూపించాడు, బాగుంది, ఇంకా గట్టిగా అరవమని.

తరువాత విచారణ జరిగింది. టేపు వేసి విన్నారు. అన్ని గంటల్లో ఏ గంట ఎవరిదో తేలలేదు. మోగించినట్టు రుజువు లేదన్నారు. వేళ్ళు తీసేసిన చేతి కట్లు ఆసుపత్రిలో విప్పిన రోజున పత్రికలవాళ్ళు అడిగితే, తమ్ముడు కూడా మోగించలేదనే చెప్పాడు. ఆ మాటే అతని బతుకైపోయింది.

"అసలు సంగతి చెప్పు నాయనా," అంది అక్క. "మావాడితో ఏం పని?"

కుర్రవాడు గొంతు తగ్గించాడు. "షోని మళ్ళీ మొదలుపెడదామని అక్కా. పైవాళ్ళకు ఒకటే బెంగ. గంట మోగినా తియ్యలేదన్న మాట జనంలో ఉంది కదా. అన్న తన నోటితో కాదంటే ఆ మచ్చ పోతుంది."

"మోగించానంటే?"

"అప్పుడిక షో ఉండదు."

"వాడేది చెబితే అది చూపిస్తారా?"

"నేరుగా ప్రసారం అక్కా. కోతలేం ఉండవు."

అందుకే ఆమె వెళ్ళడానికి ఒప్పుకుంది. కారు వీధి మలుపు తిరిగాక తమ్ముడి చొక్కా బల్ల మీద పరిచింది.

"ఒరే, నువ్వు మోగించావు."

"మళ్ళీ మొదలెట్టావా. చలికి వణికి ఉంటుందక్కా."

"వణుకుకీ పిలుపుకీ తేడా తెలీదట్రా నాకు? చంకనేసుకు పెంచాను నిన్ను."

అతను వీధిలోకి చూపు తిప్పాడు. "మోగించానంటే నేనెవర్ని? మొత్తుకున్నా ఎవరికీ వినపడని వెధవని. మోగించలేదంటే మొండివాణ్ణి. ఇంతమంది బెల్లు కొట్టి పోతున్నారు."

"నీ మొండితనం చూపించి రేపు ఇంకొకళ్ళని పడుకోబెడతారు."

"ఈసారి ఉప్పు వెయ్యరులే."

అన్నాక అతనే నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాలర్ తిప్పి రెండోవైపు తోసింది. "నా కోసం ఏదీ అడగలేదు నిన్ను. ఇదొక్కటీ చెప్పు. జరిగింది జరిగినట్టు."

ఆ రాత్రి అతను పడుకోబోయే ముందు, "చూద్దాంలే," అన్నాడు. ఆ మాటను ఆమె కార్యక్రమం ఉన్న ఆదివారం దాకా దాచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. అప్పటి కుర్రాళ్ళు ఇప్పుడు పొట్టలతో, పిల్లలతో వచ్చారు. కొందరి చొక్కాల మీద మంచుపెట్టె బొమ్మ ఉంది. వేదిక మీద అసలు మంచుపెట్టెనే పెట్టారు, లోపల దూది నింపి. బావ నల్లటి విగ్గుతో, ఊతకర్రతో వచ్చాడు. ముందు వరసలో అక్కను చూసి మైకు అటు తిప్పకుండానే పలకరించాడు.

"చెల్లెమ్మా, ఆరోజు నువ్వు అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. తమ్ముణ్ణి ఎంత ఎగదోశావో."

"తియ్యండి బాబూ అని అరిచాను."

"ఏంటీ?" అంటూ బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ముసలాడి వేషం బాగుందని హాలు గొల్లుమంది. ఆమె మళ్ళీ చెప్పింది. అప్పటికి అతను అటు తిరిగిపోయాడు.

తమ్ముణ్ణి పెట్టె పక్కన కూర్చోబెట్టారు. పాత టేపు వేశారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు తెర మీద జోకులు చెబుతున్నాడు, పెదాలు నీలంగా. గంటలు మోగుతున్నాయి. జనం నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

"బామ్మర్దీ," అన్నాడు బావ, "ఊళ్ళో రకరకాలుగా అనుకుంటారు. నువ్వే చెప్పు. మోగించావా, లేదా?"

తమ్ముడు ముందు వరసలోకి చూశాడు. ఆమె కదల్లేదు. కనీసం రెప్ప కూడా వెయ్యలేదు, వేస్తే వాడు మరోలా అనుకుంటాడేమోనని. అతని చూపు ఆమె మీంచి జరిగి, వెనక వరసల దాకా పోయి, తిరిగొచ్చింది.

"లేదు," అన్నాడు. కాస్త ఆగి, "మోగించే రకాన్నయితే అసలు పడుకునేవాణ్ణా?" అని కూడా చేర్చాడు.

జనం లేచి నిలబడ్డారు. బావ అతన్ని కౌగలించుకున్నాడు. వచ్చే నెల నుంచి 'తెల్లారేదాకా' మళ్ళీ వస్తోందని చాటాడు. ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. వేదిక ముందుకు తోసుకొచ్చిన వీపుల్లోంచి తమ్ముడు కనబడలేదు.

బయటికి వచ్చేసరికి గేటు నుంచి రోడ్డు చివరి దాకా కుర్రాళ్ళు, అమ్మాయిలు వరస కట్టి ఉన్నారు. కొత్త షోకి ఎంపికలట. వారం కిందటే అందరి ఫోన్లకూ కబురు వెళ్ళిందట. అంటే తమ్ముడు ఏం చెబుతాడో వీళ్ళకు వారం ముందే తెలుసు. తెలియనిది తనొక్కతెకే.

అతన్ని చూసి వరస అంతా కేకలు పెట్టింది. అతను చెయ్యి ఊపుతూ, ఫోటోలకు నిలబడుతూ నడిచాడు. వరసలో ఒక బక్కపల్చని పిల్ల అడ్డం వచ్చింది.

"అన్నా, నేను మంచుపెట్టెకే పేరిచ్చా. చలి ఎంతసేపటికి తెలీకుండా పోతుంది?"

అతను ఆ పిల్ల వేళ్ళకేసి చూశాడు. "ఏం పని చేస్తావు?"

"సెలూన్లో జుట్టు కత్తిరిస్తా."

"చేత్తోనేనా?"

"కాలితో కత్తిరిస్తే ఎవరొస్తారన్నా?"

చుట్టూ నవ్వులు. అతను నవ్వలేదు. అక్క కాస్త వెనకగా నిలబడి చూస్తోంది.

"తల్లీ, నేను మోగించాను," అన్నాడు. "ఒకసారి కాదు, చెయ్యి చచ్చుబడేదాకా మోగించాను. ఎవరికీ వినపడలేదు. ఇంటికెళ్ళిపో."

ఆ పిల్ల నోరు కొద్దిగా తెరుచుకుంది. అంతలో వెనక నుంచి ఎవడో, "లైను తగ్గిద్దామని బెదరగొడుతున్నాడే, నమ్మకు," అన్నాడు. ఇంకొకడు, "టెస్టు పెడుతున్నాడు," అన్నాడు. పిల్ల తేలికపడి నవ్వేసింది.

"నేనూ మోగించను, చూస్తుండన్నా."

ఇరవై ఏళ్ళు అక్క ఎదురుచూసిన మాట అది. రోడ్డు పక్కన, పదిమంది నవ్వుల మధ్య వచ్చింది. తమ్ముడు అప్పటికే తల దించుకుని ముందుకు నడుస్తున్నాడు. ఆమె ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"వాడు చెప్పింది నిజమమ్మా. నేను చూశాను. పక్కనే ఉన్నాను."

"మీరెవరండీ?" అంది ఆ పిల్ల, మర్యాదగానే.

ఆమె చెప్పబోయింది. ఇంతలో వరస కదిలింది. ఆ పిల్ల చెయ్యి మెల్లగా విడిపించుకుని ఒక అడుగు ముందుకు జరిగింది.